జనరేటివ్ ఆర్ట్ కొందామనుకుంటున్నా, అసలు ఏం కొంటున్నానో ఎవరైనా చెప్తారా?

కొత్తగీత
కోడ్‌తో గీసిన బొమ్మలంటే నాకు ఇష్టం. అవి బ్లాక్‌చెయిన్ మీద (ఎవరు దేనికి యజమానో రాసి ఉంచే ఉమ్మడి ఖాతా పుస్తకం లాంటిది) అమ్ముతారని తెలిసి కొన్నాళ్లుగా చదువుతున్నా, చదివేకొద్దీ గందరగోళం పెరుగుతోంది తప్ప తగ్గట్లేదు. ఒకరు మింట్ చెయ్యమంటారు (అంటే కొత్త బొమ్మని పుట్టించి మొదటి చేతిమీద కొనడం), ఒకరు మింట్ వద్దు సెకండరీలో (అంటే ఇదివరకే కొన్నవాళ్ల దగ్గర) కొనుక్కోమంటారు, ఇంకొకరు ఇదంతా 2021తోనే పోయింది ఇప్పుడెందుకు అంటారు. నా సందేహం వీటన్నిటికంటే ముందుది. బొమ్మ బ్రౌజర్‌లో అందరికీ కనిపిస్తోంది, కావాలంటే దింపుకోవచ్చు కూడా. మరి డబ్బులిచ్చి నేను కొనేది ఏంటి? బొమ్మా, కోడా, రసీదా? లాభానికి కాదు, నచ్చినవి ఒకటో రెండో ఉంచుకుందామని. వాలెట్ (డబ్బు, కొన్న బొమ్మలు ఉంచుకునే యాప్) కూడా ఇంకా పెట్టుకోలేదు.

సందేహాలరావు
రసీదు. అంతే. థ్రెడ్ మూసెయ్యొచ్చు.

హాష్‌పిచ్చి
రావు గారు వచ్చేశారు, ఇక థ్రెడ్ పది పేజీలు గ్యారంటీ.

కొత్తగీత, మామూలు ఎన్‌ఎఫ్‌టీ (బ్లాక్‌చెయిన్ మీద అమ్మే) బొమ్మ అయితే ఆయన చెప్పినదాంట్లో చాలావరకు నిజమే. ఎక్కడో ఒక ఫైలు ఉంటుంది, టోకెన్, అంటే బ్లాక్‌చెయిన్ మీద నీ పేరున ఉన్న నమోదు, దాన్ని చూపిస్తుంది. జనరేటివ్‌లో వ్యవహారం కొంచెం వేరు. ఆర్టిస్టు బొమ్మ గీసి పెట్టడు, బొమ్మలు గీసే ప్రోగ్రామ్ రాస్తాడు, ఎక్కువగా జావాస్క్రిప్ట్‌లో. నువ్వు మింట్ నొక్కి డబ్బు కట్టినప్పుడు నీ టోకెన్‌కి ఒక హాష్ పుడుతుంది, అంటే పొడవాటి అంకెలూ అక్షరాల వరస. ఆ ప్రోగ్రామ్ ఆ హాష్‌ని విత్తుగా తీసుకుని రంగులు, గీతల మందం, ఎక్కడ మొదలవ్వాలి, ఎక్కడ ఆగాలి అన్నీ దాన్నిబట్టే తేలుస్తుంది. అదే హాష్ ఇస్తే ఎప్పుడు నడిపినా అదే బొమ్మ రావాలి. హాష్ ఒక్క అక్షరం మారినా వేరే బొమ్మ. మింట్ అయ్యేదాకా ఏం వస్తుందో నీకూ తెలీదు, ఆర్టిస్టుకీ తెలీదు. నాకైతే ఇందులో ఉన్న మజా అంతా అదే.

కాబట్టి నువ్వు కొనేది ఆ ప్రోగ్రామ్ ఇచ్చిన ఒక ఫలితం, ఆ హాష్ నీ పేరు మీద ఉందన్న నమోదు. కోడ్ హక్కులు నీవి కావు. కాపీరైట్ కూడా మామూలుగా ఆర్టిస్టుదే. ప్రాజెక్టు పేజీలో లైసెన్స్ అని ఉంటుంది, అది చదువు.

సందేహాలరావు
ఇంత పెద్ద పోస్టు రాసి చివరికి "నమోదు" అన్నారు. నేను ఒక్క ముక్కలో చెప్పా.

రంగులడబ్బా
అప్పుడప్పుడు నేనూ ఇలాంటివి రాసి పెడుతుంటా కాబట్టి ఆర్టిస్టు వైపు నుంచి ఒక మాట. ఒక్క మంచి బొమ్మ రావడం తేలిక. ప్రోగ్రామ్‌ని వందసార్లు నడిపి బాగున్నది ఏరుకుంటే సరిపోతుంది, ఇంతకుముందు అందరం చేసింది అదే. ఇక్కడ ఏరుకునే అవకాశం ఉండదు. ఏ హాష్ వస్తే అది కొన్నవాళ్లదే. ఐదొందలు మింట్ అయితే ఐదొందలూ నిలబడాలి, ఒకదానికొకటి వేరుగా ఉండాలి, అయినా అన్నీ ఒకే చేతిలోంచి వచ్చినట్టుండాలి. దీన్నే లాంగ్‌ఫార్మ్ అంటారు. దాని మీద నెలల తరబడి కూర్చోవాలి, ఊరికే జరగదు.

అందుకే కొనేవాళ్లకి నేను చెప్పేది: ముఖచిత్రంగా పెట్టిన బొమ్మ చూసి కొనకండి. ఇప్పటికే మింట్ అయినవి ఉంటే పేజీలు తిప్పుతూ అన్నీ చూడండి. అన్నిటికంటే నీరసంగా ఉన్న పది వెతకండి. అవి కూడా మీకు పర్వాలేదనిపిస్తే ఆ ప్రోగ్రామ్ గట్టిది.

తోకచుక్క
>అన్నిటికంటే నీరసంగా ఉన్న పది వెతకండి

మా వాలెట్‌లో చూసుకోండి, పదీ అక్కడే దొరుకుతాయి.

కొత్తగీత
హాష్‌పిచ్చి, ఇప్పుడు కొంచెం వెలిగింది. అయితే ఇది ఏఐ బొమ్మల లాంటిదేనా? ప్రాంప్ట్ బదులు హాష్ ఇస్తున్నాం, అంతేగా?

రంగులడబ్బా
కాదు. ఏఐ మోడల్ కోట్ల బొమ్మల మీద నేర్చుకుని ఉంటుంది, ఏ గీత ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఇక్కడ ప్రతి నియమం ఆర్టిస్టు చేత్తో రాసిందే, కోడ్ తెరిస్తే కనిపిస్తుంది. ఇది నిన్నమొన్న వచ్చింది కూడా కాదు. గియోర్గ్ నీస్ ఇలాంటి కంప్యూటర్ బొమ్మలతో స్టుట్‌గార్ట్‌లో ప్రదర్శన పెట్టింది 1965లో. వేరా మోల్నార్ 1968లో కంప్యూటర్ మీద పని మొదలుపెట్టారు. 2023లో, చనిపోవడానికి కొన్ని నెలల ముందు, సోథెబీస్ వేలం సంస్థలో ఐదొందల బొమ్మల సిరీస్ బ్లాక్‌చెయిన్ మీద విడుదల చేశారు. అప్పటికి ఆవిడకి తొంభై తొమ్మిదేళ్లు. ఇది కుర్రాళ్ల క్రిప్టో పిచ్చి అనేవాళ్లకి నేను ఆవిడ పేరే చెప్తా.

పాతకాపు
చరిత్ర బాగుంది గానీ కొత్తగీతకి డబ్బు సంగతి ఎవరూ చెప్పట్లేదు. 2021 సంగతి నేను చెప్తా, ఎందుకంటే అప్పుడు కొన్నవాళ్లలో నేనూ ఉన్నా.

ఆర్ట్ బ్లాక్స్ అని ఇలాంటి బొమ్మలు అమ్మే సైటు ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ మీద 2020 నవంబర్‌లో మొదలైంది, స్నోఫ్రో అనే పేరుతో ఉండే ఎరిక్ కాల్డెరాన్ పెట్టాడు. మొదటి ప్రాజెక్టు క్రోమీ స్క్విగ్గిల్, అదీ ఆయనదే. 2021 జూన్‌లో టైలర్ హాబ్స్ ఫిడెంజా వచ్చింది, 999 బొమ్మలు, మింట్ ధర 0.17 ఈథర్ (ఎథీరియం నాణెం). మూడు నెలలు తిరక్కుండా అందులో 313వ నంబర్ వెయ్యి ఈథర్లకి పోయింది. ద్మిత్రి చెర్నియాక్ రింగర్స్‌లో 879వ నంబర్ బాతుతల లాగా వచ్చింది, అందరూ గూస్ అంటారు. దాన్ని ఒక క్రిప్టో ఫండ్ 1800 ఈథర్లు పెట్టి కొంది, మరుసటి ఏడాది ఆ ఫండే దివాలా తీసింది, 2023లో ఆ బొమ్మ సోథెబీస్ వేలంలో సుమారు 62 లక్షల డాలర్లకి అమ్ముడైంది.

ఈ కథలే అందరూ చెప్తారు. అదే ఏడాది మింట్ అయిన మిగతా వందల ప్రాజెక్టుల కథ ఎవరూ చెప్పరు. వాటిలో చాలావాటికి ఇవాళ మింట్ ధర కూడా రాదు, కొన్నిటికి అసలు కొనేవాడే లేడు. ఫ్లోర్ ప్రైస్ అని తెర మీద ఒక అంకె కనిపిస్తుంది, అది అమ్మేవాళ్లు అడుగుతున్న ధరల్లో అన్నిటికంటే తక్కువది, ఎవరో ఇస్తామన్నది కాదు. ఈ రెండిటికీ మధ్య ఒక్కోసారి ఆకాశమంత దూరం ఉంటుంది.

సందేహాలరావు
పాతకాపు గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నా. తేదీ రాసి పెట్టుకోవాలి.

పాతకాపు
మరీ సంబరపడకండి. నేను ఇంకా కొంటూనే ఉన్నా. ధరలు పడిపోయాకే కొనడం హాయిగా ఉంది నాకు, మంచి ఆర్టిస్టుల పని అందుబాటులోకి వచ్చింది, పక్కన అరిచేవాళ్లు లేరు.

గ్యాస్‌బాధితుడు
నా పేరు చూసి నవ్వేవాళ్ల కోసం: ఎథీరియంలో లావాదేవీ ఫెయిలైనా గ్యాస్, అంటే లావాదేవీకి కట్టే రుసుము, పోతుంది. 2021లో జనం ఎగబడిన మింట్లలో బొమ్మ దక్కకపోయినా గ్యాస్ మాత్రం కట్టి వచ్చినవాళ్లు బోలెడుమంది. నేనూ ఆ బ్యాచే. బాట్లు (తమంతట తామే కొనే ప్రోగ్రాములు) నడిపేవాళ్లు ముందు వరసలో ఉండేవాళ్లు, మనం బటన్ నొక్కేలోపు అయిపోయేది.

హాష్‌పిచ్చి
ఆ గ్యాస్ యుద్ధాలు తట్టుకోలేకే డచ్ వేలం తెచ్చారు. ధర పైన మొదలై నిమిషాల కొద్దీ కిందికి దిగుతుంది. నీకు సరిపోయిన ధర దగ్గర నువ్వు కొంటావు, తొందరపడితే ఎక్కువ కడతావు, ఆగితే అయిపోవచ్చు. కొన్ని వేలాల్లో చివర ఎక్కడ ఆగిందో అదే ధర అందరికీ, ఎక్కువ కట్టినవాళ్లకి తేడా వెనక్కిస్తారు. ఏ రకమో ముందే రాసి ఉంటుంది, చూసుకుని దిగు.

కొత్తగీత
మొదటిసారి కొనేవాళ్లకి ఎథీరియం మంచిదా, టెజోస్ అనే ఇంకో బ్లాక్‌చెయిన్ మంచిదా? రెండు పేర్లూ వినిపిస్తున్నాయి.

తోకచుక్క
అయ్యో ఆ ప్రశ్న అడిగేశావా. కుర్చీలు వెనక్కి జరుపుకోండి అందరూ.

నిశాచరి
మొదటిసారికి టెజోస్. లావాదేవీ ఖర్చు దాదాపు లెక్కలోకి రానంత, చాలా బొమ్మలు తక్కువ ధరకే దొరుకుతాయి, కాబట్టి తప్పు నొక్కినా ప్రాణం మీదికి రాదు. ఎఫ్‌ఎక్స్‌హాష్ అనే సైటు అక్కడే 2021 నవంబర్‌లో మొదలైంది. ఆర్ట్ బ్లాక్స్‌లో ఆర్టిస్టులని ఎంపిక చేసేవాళ్లు. ఎఫ్‌ఎక్స్‌హాష్‌లో ఎవరైనా పెట్టుకోవచ్చు. దానివల్ల చెత్త కూడా బాగానే చేరింది, అయితే పేరు లేని గొప్పవాళ్లు కూడా అక్కడే దొరికారు నాకు. తర్వాత వాళ్లు ఎథీరియం కూడా చేర్చారు.

పాతకాపు
నేను ఒప్పుకోను. టెజోస్‌లో కొనడం తేలిక, అమ్మడం కష్టం. కొనేవాళ్లు తక్కువ. కలెక్షన్ అన్నాక ఎప్పుడో ఒకటి మార్చుకోవాలనిపిస్తుంది. ఎథీరియంలో ఇప్పుడు గ్యాస్ 2021 నాటిలా లేదు, రద్దీ లేని సమయం చూసుకుంటే సరిపోతుంది.

నిశాచరి
ఆయన మొదటి పోస్టులోనే చెప్పారు లాభం కోసం కాదని. అమ్మడం కష్టమైతే ఏంటట?

పాతకాపు
అందరూ మొదట్లో అలాగే అంటారు.

కొత్తగీత
ఆయన కాదు, ఆమె :) టెజోస్‌తో మొదలుపెడతా. ఈ బ్లాక్‌చెయిన్ కరెంటు బాగా తాగుతుందని కూడా విన్నా, అది నిజమేనా?

హాష్‌పిచ్చి
ఒకప్పుడు ఎథీరియం విషయంలో నిజం. 2022 సెప్టెంబర్‌లో మైనింగ్ (కంప్యూటర్లు పోటీపడి లెక్కలు చేసే పద్ధతి) వదిలేసి ప్రూఫ్ ఆఫ్ స్టేక్‌కి (నాణేలు తాకట్టు పెట్టి లావాదేవీలు ధ్రువీకరించే పద్ధతి) మారింది, విద్యుత్ వాడకం 99 శాతానికి పైగా తగ్గింది. టెజోస్ మొదటినుంచీ ప్రూఫ్ ఆఫ్ స్టేకే. ఇప్పుడు ఆ వాదన బిట్‌కాయిన్‌కి వర్తిస్తుంది, ఈ రెండిటికీ కాదు.

మౌనసాక్షి
ఎప్పుడూ చదివి వెళ్లిపోతా, ఈ ఒక్కటి అడగాలనిపించింది. వెబ్‌సైటే మూసేస్తే? అప్పుడు మన బొమ్మ గతి?

హాష్‌పిచ్చి
ఈ థ్రెడ్‌లో ఇదే అసలు ప్రశ్న, ఆలస్యంగా వచ్చింది.

బొమ్మ ఎక్కడ ఉందన్నదాన్నిబట్టి జవాబు. అన్నిటికంటే గట్టిది ఆటోగ్లిఫ్స్, 2019 ఏప్రిల్‌లో లార్వా ల్యాబ్స్ వాళ్లు చేసింది, మొత్తం 512. బొమ్మ గీసే లెక్కంతా కాంట్రాక్టులోనే (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) ఉంది, బయట ఏ ఫైలూ అక్కర్లేదు. అడిగితే అక్షరాల వరసగా నమూనా ఇస్తుంది, ఆ అక్షరాలని గీతలుగా ఎలా గీయాలో కూడా దాంట్లోనే రాసి ఉంది. పెన్సిల్ కాగితం పెట్టుకుని నువ్వే గీసుకోవచ్చు. తర్వాతి స్థానం ఆర్ట్ బ్లాక్స్‌ది. ఆర్టిస్టు రాసిన స్క్రిప్టు ఎథీరియం మీద ఉంటుంది, నీ హాష్ కూడా అక్కడే ఉంటుంది, పీ5 లాంటి కోడ్ లైబ్రరీ (బొమ్మలు గీయడానికి ముందే రాసిపెట్టిన కోడ్), బ్రౌజర్ ఉంటే చాలు, సైటు లేకపోయినా బొమ్మ మళ్లీ పుట్టించొచ్చు.

టెజోస్‌లో ఎక్కువ ప్రాజెక్టుల కోడ్ ఐపీఎఫ్‌ఎస్‌లో ఉంటుంది. అది చెయిన్ కాదు, ఫైళ్లు పంచుకునే నెట్‌వర్క్, ఫైలుని ఎవరో ఒకరు పట్టుకుని ఉన్నంతకాలమే దొరుకుతుంది. అందరూ వదిలేస్తే టోకెన్ మిగులుతుంది, బొమ్మ మిగలదు. నచ్చిన బొమ్మ కోడ్‌ని నీ దగ్గర ఒక కాపీ పెట్టుకో, ఆ ఫైలుని నువ్వే మళ్లీ ఎక్కించినా అడ్రస్ అదే వస్తుంది.

నిశాచరి
సైటు మూసెయ్యడం ఊహ కాదు, జరిగింది. హిక్ ఎట్ నుంక్ అని టెజోస్‌లో పెద్ద సైటు ఉండేది. 2021 నవంబర్‌లో పెట్టినాయనే ఉన్నట్టుండి తీసేశారు. ఆ రాత్రి అందరికీ ఎంత టెన్షనో. అయినా టోకెన్లు ఎక్కడికీ పోలేదు, కాంట్రాక్టులు నడుస్తూనే ఉన్నాయి, వాడేవాళ్లే కాపీ సైట్లు లేపారు, కొందరు కలిసి తేయా పేరుతో నడిపిస్తున్నారు. రావు గారూ, మీ "రసీదు" ఆ రాత్రి పనికొచ్చింది.

సందేహాలరావు
ఇది మాత్రం మంచి ఉదాహరణ, ఒప్పుకుంటున్నా. రసీదే అని ఇప్పటికీ అంటా, కాకపోతే దుకాణం కాలిపోయినా చెల్లే రసీదు.

రంగులడబ్బా
హాష్‌పిచ్చి చెప్పినదానికి ఒక చిక్కు కలుపుతా. కోడ్ భద్రంగా ఉన్నంతమాత్రాన బొమ్మ అలాగే ఉంటుందని కాదు. ఆర్టిస్టు పొరపాటున హాష్‌తో సంబంధం లేని మామూలు యాదృచ్ఛిక ఫంక్షన్ వాడితే రీఫ్రెష్ కొట్టిన ప్రతిసారీ బొమ్మ మారుతుంది. షేడర్లతో (గ్రాఫిక్స్ కార్డు మీద నడిచే కోడ్‌తో) చేసినవి ఒక్కో గ్రాఫిక్స్ కార్డు మీద ఒక్కోలా రావచ్చు. అందుకని కొనేముందు లైవ్ వ్యూ (బ్రౌజర్‌లో కోడ్ నిజంగా నడిచే పేజీ) తెరవండి. రెండు మూడుసార్లు రీఫ్రెష్ చేయండి, విండో చిన్నదీ పెద్దదీ చేయండి, ఫోన్‌లో ఒకసారి చూడండి. కుదురుగా ఉందంటే చేసినవాడికి పని వచ్చు. సైటులో కనిపించేది చాలాసార్లు చిన్న ఫోటో మాత్రమే, కొన్ని బొమ్మలు కదులుతాయి, కొన్ని మౌస్‌కి స్పందిస్తాయి, ఆ ఫోటో చూసి తిరస్కరించినవి లైవ్‌లో చూసి నోరెళ్లబెట్టిన సందర్భాలున్నాయి.

నిశాచరి
ఇక వాలెట్ సంగతి, ఇంతవరకు ఎవరూ ముట్టుకోలేదు. ఇక్కడ చెడే బేరాలకంటే ఖాళీ అయిన వాలెట్లే ఎక్కువ.

వాలెట్ పెట్టగానే పన్నెండో ఇరవై నాలుగో మాటలు ఇస్తుంది, సీడ్ ఫ్రేజ్. కాగితం మీద రాసుకో. ఫోటో తీయకు, మెయిల్‌లో పెట్టకు, క్లౌడ్‌లో పెట్టకు. ఆ మాటలు ఎవరి దగ్గరుంటే వాలెట్ వాళ్లదే, ఫిర్యాదు చెయ్యడానికి కౌంటర్ ఉండదు. ఏ సైటూ, ఏ సపోర్టు మనిషీ ఆ మాటలు అడగరు. అడిగారంటే దొంగ, ఇంకో ఆలోచన అక్కర్లేదు.

వాలెట్లు రెండు పెట్టుకో. ఒకటి కొనడానికి, అందులో ఆ రోజుకి కావలసినంతే ఉండాలి. రెండోది దాచుకోవడానికి, వీలైతే హార్డ్‌వేర్ వాలెట్ (తాళం విడిగా ఉంచే చిన్న పరికరం), అది ఏ సైటుకీ కనెక్ట్ చెయ్యొద్దు. కొన్న బొమ్మ నచ్చితే అందులోకి పంపేసెయ్. ఇంకోటి, నువ్వు అడక్కుండా నీ వాలెట్‌లోకి వచ్చిపడిన బొమ్మలని ముట్టుకోకు. "బహుమతి అందుకోండి" అని లింకు ఉంటుంది. నాకు తెలిసిన ఒకాయన అలా నొక్కి ఒక పర్మిషన్ మీద సంతకం పెట్టాడు, మొత్తం కలెక్షన్ మీద వేరేవాళ్లకి అధికారం ఇచ్చే పర్మిషన్ అది, తెల్లారేసరికి వాలెట్ ఊడ్చేసి ఉంది. సంతకం అడిగిన ప్రతిసారీ తెర మీద ఏం రాసి ఉందో చదువు. "సెట్ అప్రూవల్ ఫర్ ఆల్" అని కనిపిస్తే ఆగు, నువ్వు అమ్మకానికి పెడుతున్న మార్కెట్ అయితే తప్ప ఒప్పుకోకు.

గ్యాస్‌బాధితుడు
ఈ పోస్టుని పైన అతికించండి అడ్మిన్ గారూ.

తోకచుక్క
నకిలీ కలెక్షన్ల గురించి కూడా. అదే పేరు, అదే బొమ్మలు, కాంట్రాక్టు వేరే. మార్కెట్‌లో పేరు కొట్టి వెతక్కండి, ఆర్టిస్టు సొంత సైటు నుంచి లింకు పట్టుకుని వెళ్లండి.

కొత్తగీత
నిశాచరి, ఇది ప్రింట్ తీసుకుంటున్నా (కాగితం మీదే!). పాతకాపు గారూ, మింటా సెకండరీయా అన్నది మిగిలిపోయింది.

పాతకాపు
కొత్తవాళ్లకి సెకండరీ. ఏ బొమ్మ వస్తుందో కళ్లతో చూసి, నచ్చిందే తీసుకుంటావు. ఎక్కువ ప్రాజెక్టులకి మింట్ అయిన కొన్నాళ్లకి ధర మింట్ కంటే కిందికే వస్తుంది. కాస్త ఓపిక పడితే చాలు.

రంగులడబ్బా
ఇక్కడ నేను గట్టిగా విభేదిస్తా. మింట్ డబ్బులో ఎక్కువ భాగం ఆర్టిస్టుకి చేరుతుంది. సెకండరీలో మాకొచ్చేది రాయల్టీ, అది కూడా కొనేవాళ్ల దయ. రాయల్టీ ఎంతో చెయిన్ మీద రాసి ఉంటుంది గానీ కట్టించే శక్తి దానికి లేదు, కట్టాలా వద్దా అన్నది మార్కెట్ సైటు ఇష్టం. 2023లో పెద్ద మార్కెట్ సైటు ఓపెన్‌సీ కూడా రాయల్టీ తప్పనిసరి అన్న నియమం తీసేస్తున్నామని ప్రకటించింది. అందరూ "ఓపిక పడితే" మింట్ చేసేదెవరు?

పాతకాపు
ఆర్టిస్టుని బతికించడం మంచిదే. కొత్తవాళ్ల నెత్తిన పెట్టకండి అంటున్నా.

హాష్‌పిచ్చి
ఇద్దరూ కొట్టుకోకుండా మధ్యదారి ఒకటుంది. హాబ్స్, డాండెలియన్ విస్ట్ కలిసి 2022లో చేసిన క్యూక్యూఎల్ చూడండి. అక్కడ మింట్ పాస్ కొంటారు. ప్రోగ్రామ్‌ని ఎన్నిసార్లైనా నడిపి, రంగులూ అమరికా మార్చుకుంటూ, నచ్చిన ఫలితాన్ని పాస్ ఉన్నవాళ్లే ఎంచుకుని మింట్ చేస్తారు. పాస్ ధర మనకి అందేది కాదు గానీ ప్రోగ్రామ్‌తో ఆడుకోవడం ఉచితం. కొత్తగీత, ఏదైనా కొనేముందు ఒక పూట దాంతో ఆడు, నియమాలు మారితే బొమ్మ ఎలా మారుతుందో చేతికి తెలుస్తుంది.

సందేహాలరావు
ఒక పూట అంటూ మొదలెట్టి నిన్న రాత్రి రెండింటిదాకా నొక్కుతూ కూర్చున్నా. ఎవరికీ చెప్పకండి.

తోకచుక్క
స్క్రీన్‌షాట్ తీశా రావు గారూ.

కొత్తగీత
రావు గారు కూడా పడిపోయారు, ఇక నా సంగతి చెప్పక్కర్లేదు. వాలెట్ పెట్టా, మాటలు రాసి దాచా. ఒక ఆర్టిస్టుది నల్లటి సన్నగీతలతో ఒక సిరీస్ పట్టుకున్నా, నీరసంగా ఉన్న పది కూడా వెతికా, నాకైతే అవి కూడా నచ్చాయి. మింట్ అయిపోయింది కాబట్టి సెకండరీనే. అడుగుతున్న ధరకే కొనాలా, తగ్గించి అడగొచ్చా?

పాతకాపు
ఆఫర్ పెట్టొచ్చు, ఎవరూ ఏమనుకోరు. గడువు తేదీ మాత్రం దగ్గరలో పెట్టు. గడువు లేని ఆఫర్ పెట్టి మర్చిపోతే ఎప్పుడో ధర సగమైన రోజున ఎవరో దాన్ని ఒప్పుకుంటారు. ఆ సిరీస్‌లో ఈమధ్య నిజంగా అమ్ముడైన ధరలు చూసి ఆఫర్ పెట్టు, లిస్టింగ్ ధరలు కాదు. అవే రెండు వాలెట్ల మధ్య అటూ ఇటూ తిరుగుతున్న అమ్మకాలు కనిపిస్తే వాటిని లెక్కలోకి తీసుకోకు.

రంగులడబ్బా
కొనేటప్పుడు రాయల్టీ కడతావా అని అడిగితే కట్టు.

కొత్తగీత
కడతా. ఆఫర్ పెట్టేశా, గడువు మూడు రోజులు.

గ్యాస్‌బాధితుడు
ఆ సన్నగీతల సిరీస్ పేరు చెప్పండి, నేనూ చూస్తా.

కొత్తగీత
నా ఆఫర్ తేలాక చెప్తా. మీరొచ్చి ధర పెంచితే?

గ్యాస్‌బాధితుడు
ఒక్కరోజులోనే కలెక్టర్ బుద్ధులు వచ్చేశాయి.